పాత ట్రాక్టర్లు, కార్లలో డైనమో ఛార్జింగ్ లోపాలను గుర్తించే విధానం

తొలకరి వానలకు దమ్ము పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో తెల్లవారుజామున ట్రాక్టరు సెల్ఫ్ తిరగకపోతే ఆ పూట పని నిలిచిపోతుంది. నలుగురు కలిసి తోసినా, మరో ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగించినా ఇంజిన్ అందుకుంటుంది గాని, మరునాడు మళ్ళీ అదే అవస్థ. రాత్రివేళ ధాన్యం బస్తాలతో మార్కెట్ యార్డుకు బయలుదేరిన ట్రాక్టరుకు దీపాలు మసకబారితే ప్రమాదం దానికే కాదు, వెనుక వచ్చే వాహనాలకూ ఉంటుంది. ఇటువంటప్పుడు సాధారణంగా మొదట కొత్త బ్యాటరీ కొంటారు. అదీ నెల తిరగకముందే దిగిపోతే డైనమోను వైండింగ్ షాపుకు పంపుతారు. ఆపైన కటౌట్ మారుస్తారు. మూడింటికీ ఖర్చు చేసిన తరువాత కూడా లోపం అలాగే ఉండిపోవడం అరుదు కాదు. వరి ఆకు పసుపెక్కగానే నత్రజని లోపమని తలచి యూరియా చల్లి, అసలు కారణమైన జింకు లోపాన్ని వదిలివేయడం వంటిదే ఇది. లక్షణం ఒకటే అయినా కారణాలు అనేకం. వాటిని విడదీయడానికి ఒక మామూలు మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు, కొంత ఓపిక ఉంటే చాలు.

ఆల్టర్నేటర్లు వ్యాప్తిలోకి రాకముందు తయారైన బ్రిటిష్ వాహనాలలో అధిక భాగం లూకాస్ సంస్థ డైనమోలతో వచ్చాయి. మాసీ ఫెర్గూసన్ 35 వంటి ట్రాక్టర్లలోనూ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా మన దేశంలో తయారైన తొలినాళ్ళ అంబాసిడర్ కార్లలోనూ ఉన్న ఛార్జింగ్ వ్యవస్థ మూలసూత్రం ఒక్కటే. అందువల్ల పొలంలోని పాత ట్రాక్టరుకు చెప్పే పరీక్షలే, ఇష్టంగా కాపాడుకుంటున్న పాత కారుకూ వర్తిస్తాయి. చిక్కు ఎక్కడంటే, నేటి మెకానిక్కులలో చాలామంది ఆల్టర్నేటర్‌తోనే పని నేర్చుకున్నవారు. ఆ అనుభవంతో డైనమోను చూస్తే ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థ కూడా జబ్బుపడినట్లే కనిపిస్తుంది.

బ్యాటరీతో ఆరంభం

డైనమోను ముట్టుకోకముందే బ్యాటరీ స్థితి తెలియాలి. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ కొసల మధ్య 12.6 వోల్టులు ఉంటే అది నిండుగా ఉన్నట్లు. 12.2 వోల్టులుంటే దాదాపు సగం, 12 వోల్టుల దగ్గర ఉంటే పావు వంతు మాత్రమే మిగిలినట్లు భావించాలి. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే పైపై ఛార్జి కారణంగా ఎక్కువ చూపిస్తుంది గనుక ఆ కొలతను లెక్కలోకి తీసుకోకూడదు.

మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ఇంకా ఎక్కువ చెబుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆనాటి బ్రిటిష్ వాహనాల పుస్తకాలలో నిండు ఛార్జికి ఆమ్ల సాంద్రత చల్లని ప్రాంతాలకు 1.270 నుంచి 1.290 వరకు, ఉష్ణోగ్రత సాధారణంగా 25 డిగ్రీలు దాటే ప్రాంతాలకు 1.210 నుంచి 1.230 వరకు అని వేర్వేరుగా ఇచ్చారు. మన వాతావరణానికి తగినట్లు పలుచని ఆమ్లం నింపిన బ్యాటరీని చల్లని దేశపు అంకెతో పోల్చి, ఛార్జి కావడం లేదని తీర్మానించడం పొరపాటు. అంకె కంటే ఆరు సెల్లుల మధ్య తేడా ముఖ్యం. అయిదు సెల్లులు ఒకేలా ఉండి ఒకటి మాత్రం 0.040 లేదా అంతకుమించి తక్కువ చూపితే ఆ సెల్లు చెడినట్లే. అటువంటి బ్యాటరీకి ఎంత మంచి డైనమో ఉన్నా ప్రయోజనం లేదు.

సెల్ఫ్ కొట్టడం వల్లనే బ్యాటరీ దిగిపోతోందన్న అభిప్రాయం కూడా సరికాదు. సెల్ఫ్ మోటారు 200 అంపియర్లు తీసుకుంటూ పది సెకన్లు తిరిగిందనుకున్నా ఖర్చయ్యేది సుమారు 0.56 అంపియర్-గంట. 10 అంపియర్ల చొప్పున ఛార్జి చేసే డైనమో దాన్ని నాలుగైదు నిమిషాల్లో తిరిగి పూరిస్తుంది. అయితే ఎక్కడో అర అంపియరు నిరంతరంగా కారిపోతుంటే రెండు రోజుల్లో 24 అంపియర్-గంటలు పోతాయి. కాబట్టి పగలంతా పనిచేసి సాయంత్రం వరకు బాగానే ఉండి, రెండు మూడు రోజులు నిలిపి ఉంచినప్పుడే దిగిపోయే బ్యాటరీకి డైనమోను నిందించరాదు. తాళం చెవి తీసివేసి, బ్యాటరీ ఎర్త్ తీగ ఊడదీసి, ఆ మధ్యలో అమ్మీటరు కలిపితే ఎంత కారుతోందో తెలుస్తుంది. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోతే ఏ దారిన కారుతోందో కూడా బయటపడుతుంది. డీజిల్ ట్రాక్టరులో ఇంజిన్‌ను లాగుడు నాబుతో ఆపి, తాళం చెవిని అలాగే వదిలివేయడం మరొక సాధారణ కారణం.

బ్యాటరీ దగ్గర పనిచేసేటప్పుడు బీడీ, అగ్గిపుల్ల దరిచేరకూడదు. ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. తీగలు తీసేటప్పుడు ఎర్త్ తీగను మొదట తీయాలి, బిగించేటప్పుడు చివరగా బిగించాలి.

ఎర్ర దీపం చెప్పే విషయాలు

డైనమోకు రెండు కొసలు ఉంటాయి. పెద్దది డి, చిన్నది ఎఫ్. ఆర్మేచర్‌లో పుట్టిన విద్యుత్తు డి ద్వారా బయటికి వస్తుంది. ఎఫ్ ద్వారా ఫీల్డ్ కాయిల్‌కు అందే విద్యుత్తును బట్టి ఉత్పత్తి పెరగడం, తగ్గడం జరుగుతుంది. ఈ రెండూ నియంత్రణ పెట్టెకు చేరుతాయి. ఆ పెట్టెలో రెండు పరికరాలు ఉంటాయి. ఒకటి వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటర్. రెండవది కటౌట్. డైనమో తగినంత వోల్టేజి ఇచ్చినప్పుడు మాత్రమే అది బ్యాటరీతో కలుపుతుంది, ఇంజిన్ నెమ్మదించగానే విడదీస్తుంది. మన గ్రామాల్లో పెట్టె మొత్తాన్నీ కటౌట్ అనే పిలవడం వల్ల రెండు వేర్వేరు లోపాలు ఒకే పేరు కింద కలిసిపోతున్నాయి.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఒకవైపు బ్యాటరీకి, మరొకవైపు డి కొసకు కలిసి ఉంటుంది. రెండు వైపులా వోల్టేజి సమానమైతే ఆరిపోతుంది, తేడా ఉంటే వెలుగుతుంది. దీపం ఆరిందంటే ఛార్జి అవుతోందని కాదు. రెండు వైపులా వోల్టేజి సమానంగా ఉందని మాత్రమే. ఈ ఒక్క విషయం గ్రహిస్తే సగం నిర్ధారణ పూర్తయినట్లే. తాళం తిప్పినా దీపం వెలగకపోతే బల్బు మాడిపోయి ఉండవచ్చు, లేదా కార్బన్ బ్రష్షులు కమ్యుటేటర్‌ను తాకకపోవచ్చు. ఎందుకంటే దీపానికి ఎర్త్ దొరికేది ఆర్మేచర్ గుండానే. ఇంజిన్ వేగం పెంచినా నిండుగా వెలుగుతూనే ఉంటే డైనమో నుంచి ఏమీ రావడం లేదు. వేగం పెరిగేకొద్దీ మసకగా వెలగడం మొదలుపెడితే డైనమో పనిచేస్తున్నా కటౌట్ కలవడం లేదని, లేదా దాని కాంటాక్టులు మసిబారాయని అనుమానించాలి.

అన్నింటికంటే ప్రమాదకరమైన సంకేతం మరొకటి ఉంది. ఇంజిన్ ఆపి చాలాసేపైనా డైనమో వేడిగా ఉండటం, లేదా అమ్మీటరు ముల్లు డిశ్చార్జి వైపు బాగా వాలి ఉండటం గమనిస్తే కటౌట్ కాంటాక్టులు అతుక్కుపోయాయని అర్థం. బ్యాటరీ తిరిగి డైనమోలోకే ప్రవహిస్తూ తీగలను కాల్చివేయగలదు. మరేమీ చూడకుండా బ్యాటరీ తీగను వెంటనే ఊడదీయాలి.

డైనమోను ఊడదీయకుండా పరీక్షించడం

ముందుగా ఫ్యాన్ బెల్టు. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 13 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. వదులైన బెల్టు తక్కువ భారంలో జారదు. రాత్రి దీపాలు వేసి డైనమోకు భారం పెరిగినప్పుడు జారుతుంది. అందుకే పగలు పరీక్షలో బాగున్న వాహనం రాత్రి దారిలో మొరాయిస్తుంది. బిగుతు మరీ ఎక్కువైతే డైనమో బేరింగు పోతుంది.

తరువాతి పరీక్షకు లూకాస్ సర్వీసు పుస్తకాలు సూచించిన పద్ధతి నేటికీ ఉత్తమమైనది. డైనమో మీది రెండు తీగలనూ ఊడదీసి, డి, ఎఫ్ కొసలను ఒక చిన్న తీగతో కలపాలి. మల్టీమీటరు ఒక కొసను ఆ తీగకు, రెండవదాన్ని డైనమో లోహపు ఒంటికి తాకించాలి. ఇంజిన్ స్టార్టు చేసి వేగాన్ని మెల్లగా, దాదాపు 1,000 చుట్ల వరకు పెంచాలి. ఆరోగ్యవంతమైన డైనమోలో వోల్టేజి ఊగిసలాట లేకుండా చకచకా పెరుగుతుంది. 20 వోల్టులకు చేరనివ్వకూడదు. అదుపు చేసే రెగ్యులేటర్ ఈ పరీక్షలో లేదు గనుక ఇంజిన్‌ను రేజ్ చేస్తే కాయిళ్ళు మాడిపోతాయి.

ఈ పరీక్ష గొప్పదనం దాని వైఫల్యాలలో ఉంది. ఏమీ రాకపోతే బ్రష్షుల వద్ద చూడాలి. ఒక వోల్టు దగ్గర ఆగిపోతే, అది ఇనుములో మిగిలిన అయస్కాంత శక్తి వల్ల వచ్చినదే. ఫీల్డ్ కాయిల్ పనిచేయడం లేదు. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్‌లో లోపం ఉంది. ఫీల్డ్ కాయిల్ అనుమానాన్ని మరొక కొలతతో తేల్చవచ్చు. ఇంజిన్ ఆపి, డి, ఎఫ్ కొసల మధ్య కలిపిన తీగ తీసివేసి, ఎఫ్ కొసకూ డైనమో ఒంటికీ మధ్య నిరోధం కొలిస్తే ఈ తరహా డైనమోలలో సుమారు 6 ఓములు ఉండాలి. అనంతం చూపిస్తే తీగ తెగింది. చాలా తక్కువ చూపిస్తే ఇన్సులేషన్ పోయింది. ఇంత తెలిసిన తరువాత వైండింగ్ షాపుకు పంపితే ఏ భాగానికి డబ్బు ఇస్తున్నారో యజమానికి తెలుస్తుంది.

అన్నీ సరిగా ఉండి కూడా వోల్టేజి అసలు పుట్టకపోతే మిగిలిన అయస్కాంత శక్తి నశించి ఉండవచ్చు. ఎక్కువ కాలం మూలన పడి ఉన్న వాహనాలలోనూ, రిపేరుకు విప్పిన డైనమోలలోనూ ఇది కనిపిస్తుంది. ఎఫ్ తీగను డైనమో నుంచి ఊడదీసి, బ్యాటరీ ఎర్త్ కాని కొస నుంచి ఒక తీగ తెచ్చి ఎఫ్ కొసకు క్షణకాలం రెండు మూడు సార్లు తాకిస్తే అది తిరిగి వస్తుంది. తీగ ఊడదీయకుండా ఈ పని చేస్తే రెగ్యులేటర్ కాంటాక్టులు దెబ్బతింటాయి. ఆనాటి బ్రిటిష్ వాహనాలలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. బ్యాటరీ మార్చినప్పుడు అలవాటుకొద్దీ నెగెటివ్‌ను ఎర్త్ చేస్తే డైనమో దిశ, బ్యాటరీ దిశ ఒకదానికొకటి ఎదురై కటౌట్ కాంటాక్టులు కాలిపోతాయి. ఏ కొస ఎర్త్ అయి ఉందో పాత బ్యాటరీ తీయకముందే రాసి పెట్టుకోవడం మంచిది.

ఎర్త్ లోపాలు

డైనమో పరీక్షలో నెగ్గినా బ్యాటరీకి ఛార్జి చేరకపోతే, పెట్టెను మార్చే ముందు దారిని పరీక్షించాలి. విద్యుత్తు వెళ్ళే దారి ఎంత ముఖ్యమో, తిరిగి వచ్చే దారీ అంతే ముఖ్యం. పాత వాహనాలకు కొత్త రంగు వేయించిన తరువాత ఛార్జింగ్ చెడిపోవడానికి తరచు ఇదే కారణం. రంగు మీదనే బోల్టు బిగించడం వల్ల లోహానికి లోహం తగలదు.

ఉదాహరణకు, రంగు వేయించిన ఒక అంబాసిడర్ కారులో ఇంజిన్ వేగంగా తిరుగుతూ దీపాలు వెలుగుతుండగా ఇలా కొలతలు వచ్చాయనుకుందాం. డి కొసకూ డైనమో ఒంటికీ మధ్య 15.5 వోల్టులు. బ్యాటరీ రెండు కొసల మధ్య 12.4 వోల్టులు. అంటే 3.1 వోల్టులు మధ్యలో ఎక్కడో పోతున్నాయి. ఇప్పుడు మీటరును ఒక్కొక్క అంచె మీద ఉంచాలి. డైనమో డి నుంచి పెట్టెలోని ఎ కొస వరకు 0.2, ఎ నుంచి బ్యాటరీ వరకు 0.3, డైనమో ఒంటి నుంచి బ్యాటరీ ఎర్త్ కొస వరకు 2.6. లెక్క సరిపోయింది. డైనమో నిర్దోషి, పెట్టె నిర్దోషి. ఇంజిన్‌ను బాడీతో కలిపే అల్లిక పట్టీ రంగు మీద బిగించి ఉంది. కారులో ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది గనుక ఈ పట్టీయే దానికి ఎర్త్. అది లేకపోతే సెల్ఫ్ కూడా బద్ధకంగా తిరుగుతుంది. ఆ విద్యుత్తు చోక్ తీగ గుండానో, యాక్సిలరేటర్ తీగ గుండానో దారి వెదుక్కొని వాటిని వేడెక్కిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ తీగ వేడెక్కుతోందంటే ఇక వేరే పరీక్ష అవసరం లేదు. ట్రాక్టరులో ఇంజిన్, గేర్ పెట్టె కలిసి చట్రంగానే ఉంటాయి కాబట్టి ఈ పట్టీ సమస్య ఉండదు. అక్కడ చూడవలసింది బ్యాటరీ ఎర్త్ తీగ బిగించిన చోటు, డైనమోను పట్టి ఉంచే బ్రాకెట్టు. బురద, ఎరువు ధూళి, తేమ చేరి అక్కడ తుప్పు త్వరగా పడుతుంది.

మంచి ఎర్త్ మీద నష్టం 0.2 వోల్టు మించకూడదు. మించితే జాయింటు విప్పి, మెరిసే లోహం కనిపించేవరకు గీకి, బిగించిన తరువాత పైన వ్యాజెలైన్ పూయాలి. విప్పకుండా పైపైన గ్రీజు పూయడం వల్ల లోపం మరుగుపడుతుందే తప్ప పోదు.

చివరగా పెట్టె

పెట్టె వద్ద డి, ఎఫ్ తీగలను ఊడదీసి కలిపి, డైనమో వద్ద చేసిన పరీక్షనే మళ్ళీ చేస్తే ఆ తీగలు బాగున్నదీ లేనిదీ తెలుస్తుంది. పెట్టెలోని ఇ కొస ఎర్త్ ప్రత్యేకంగా చూడదగినది. అది తెగితే రెగ్యులేటర్‌కు, కటౌట్‌కు రెండింటికీ ఆధారం పోతుంది. కటౌట్ కలవక బ్యాటరీకి ఛార్జి చేరదు. అదే సమయంలో డైనమో వోల్టేజి అదుపు తప్పి పెరుగుతుంది. ఆ రెండు లక్షణాలూ కలిసి కనిపించినప్పుడు పెట్టె కొనకముందు ఒక్క తీగను పరిశీలిస్తే సరిపోవచ్చు.

ఆల్టర్నేటర్ అలవాటు ఎక్కువగా నష్టం చేసేది ఇక్కడే. ఆల్టర్నేటర్ ఉన్న వాహనంలో బ్యాటరీ వద్ద 14 వోల్టులు దాటి చూపడం మామూలు. లూకాస్ ఆర్‌బి106 తరహా రెగ్యులేటర్ అలా రూపొందలేదు. భారం పెరిగేకొద్దీ అది వోల్టేజిని తనంతట తాను తగ్గిస్తుంది. దిగిపోయిన బ్యాటరీకి ఛార్జి ఎక్కుతున్నప్పుడు 13 వోల్టులు కనిపించడం సహజమే. దాన్ని చూసి ఛార్జి చాలడం లేదని స్క్రూ బిగిస్తే, బ్యాటరీ నిండిన తరువాత వోల్టేజి హద్దు దాటుతుంది. నీళ్ళు తరచు తగ్గిపోవడం, ఆమ్లం పొంగి పళ్ళెం తుప్పుపట్టడం, బల్బులు వరుసగా మాడిపోవడం ఆ సవరణ ఫలితాలే. వేసవిలో మన ప్రాంతపు వేడికి ఇది ఇంకా వేగంగా జరుగుతుంది.

స్క్రూను ముట్టుకోవలసి వస్తే బ్యాటరీ భారం లేకుండానే కొలవాలి. ఎ, ఎ1 కొసల తీగలను ఊడదీసి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, బాడీకి తగలకుండా చుట్టి పెట్టాలి. డి, ఇ కొసల మధ్య మీటరు ఉంచి ఇంజిన్ వేగం మెల్లగా పెంచితే ముల్లు పెరుగుతూ వచ్చి ఒకచోట అదిరి నిలకడగా నిలుస్తుంది. ఆర్‌బి106/2 రకంలో అది 20 డిగ్రీల వద్ద సుమారు 16 నుంచి 16.6 వోల్టులు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ హద్దు కొద్దిగా తగ్గుతుంది. పరీక్ష అరనిమిషంలో ముగియాలి. ఆలస్యమైతే కాయిల్ వేడెక్కి తప్పుడు అంకె చూపుతుంది. కటౌట్ కలిసే వోల్టేజి 12.7 నుంచి 13.3 మధ్య ఉండాలి. కాంటాక్టులు శుభ్రం చేయడంలోనూ తేడా ఉంది. రెగ్యులేటర్ కాంటాక్టులకు సన్నని కార్బొరండమ్ రాయి వాడవచ్చు. కటౌట్ కాంటాక్టుల లోహం మెత్తనిది గనుక వాటికి సన్నని గాజు కాగితమే వాడాలి. రెండింటినీ చివర స్పిరిట్ గుడ్డతో తుడవాలి. కమ్యుటేటర్‌కు కూడా ఎమెరీ కాగితం పనికిరాదు. దాని రేణువులు రాగిలో నాటుకొని బ్రష్షులను అరగదీస్తాయి.

ఇక ఏ పరీక్షలోనూ దొరకని లోపం ఒకటి మిగులుతుంది. లూకాస్ సి40/1 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 అంపియర్లు. ట్రాక్టర్ల కోసం తయారైన కొన్ని రకాలు 11 అంపియర్లకే పరిమితం. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు అవి దాదాపు ఏమీ ఇవ్వవు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వేస్తేనే 7.5 అంపియర్లు పోతాయి. వెనుక దీపాలు, ట్రెయిలరు దీపాలు, పొలంలో వెలుగు కోసం కట్టిన అదనపు లైట్లు, ఆపైన ట్రాక్టరుకు బిగించిన పాటల పెట్టె కూడా కలిస్తే డైనమో సంపాదన ఖర్చుకు చాలదు. ఆ ట్రాక్టరుకు తప్పు వెదకడం వ్యర్థం. పాత బల్బుల స్థానంలో తక్కువ వాట్ల ఎల్ఇడి దీపాలు అమర్చితే లోటు చాలావరకు పూడుతుంది. పాజిటివ్ ఎర్త్ వాహనమైతే వాటి తీగలను తదనుగుణంగా కలపవలసి ఉంటుంది. అంతకుమించిన అవసరం ఉన్నవారు ఆల్టర్నేటర్‌కు మారవచ్చు. అప్పుడు పాత నియంత్రణ పెట్టెను దారి నుంచి తప్పించాలి, నెగెటివ్ ఎర్త్‌కు మార్చాలి, అమ్మీటరూ ప్రధాన తీగా కొత్త అంపియర్లను తట్టుకోగలవో లేదో చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ తీసి పరీక్షించే పాత అలవాటు ఆల్టర్నేటర్ డయోడ్లను క్షణంలో మాడ్చేస్తుంది. డైనమో వాహనంలోనూ ఆ అలవాటు బల్బులకు ముప్పే.